హార్మోన్ ఇవ్వకూడని మెనోపాజ్: ఒక బీడీ కార్మికురాలి కేసు

ముట్లుడిగే వయసులో వచ్చే వేడి ఆవిర్లకు, రాత్రి చెమటలకు ఈస్ట్రోజన్‌ని మించిన మందు ఇంకా రాలేదు. వయసు అరవై లోపు ఉండి, ముట్లాగి పదేళ్లు దాటకుండా, వేరే అడ్డంకులేవీ లేకపోతే హార్మోన్ రాయడానికి నేను వెనకాడను. 2002లో అమెరికాలో మెనోపాజ్ హార్మోన్ల మీద జరిగిన డబ్ల్యూహెచ్‌ఐ (విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్) అధ్యయనంలో ఒక భాగాన్ని మధ్యలో ఆపేసినప్పుడు పుట్టిన భయం మన దగ్గర డాక్టర్లను కూడా ఇంకా వదల్లేదు. ఆ భయంతోనే అవసరమున్నవాళ్లు కూడా మందుకు దూరమవుతున్నారు. ఈ కేసు వాళ్లది కాదు. హార్మోన్ నిజంగానే ఇవ్వకూడని మనిషిది. అలాంటివాళ్లను "ఈ వయసులో అందరికీ ఉండేదే, ఓర్చుకో" అని పంపేస్తే పోయేది నిద్ర ఒక్కటే కాదు. అందుకే దీన్ని పూర్తిగా రాస్తున్నాను. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, కుటుంబం వివరాలు కొన్ని మార్చాను. మందులు, మోతాదులు ఉన్నవి ఉన్నట్టే.

నేపథ్యం

ఆమెకు నలభై ఏడేళ్లు. గోదావరి ఒడ్డు మండలాల్లో ఒక ఊరు. ఊహ తెలిసినప్పటి నుంచీ బీడీలు చుడుతోంది. భర్త గల్ఫ్‌లో, రెండేళ్లకోసారి వస్తాడు. ఇద్దరు పిల్లలయ్యాక కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంది. ఇప్పుడు ఇంట్లో ఆమె, కోడలు, మనవడు. హన్మకొండలో బంధువుల ఇంటికి వచ్చి, వాళ్లు చెబితే నా క్లినిక్‌కి వచ్చింది.

అంతకు రెండేళ్ల ముందు ఎడమ రొమ్ములో గడ్డ. హైదరాబాద్‌లో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. బయాప్సీలో ఈస్ట్రోజన్ రిసెప్టర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్. కీమో నడుస్తుండగానే ముట్లు ఆగిపోయాయి, మళ్లీ రాలేదు. క్యాన్సర్ తిరగబెట్టకుండా ఈస్ట్రోజన్‌కి అడ్డుపడే టామాక్సిఫెన్ మాత్ర, 20 మిల్లీగ్రాములు రోజుకొకటి, కనీసం ఐదేళ్లు వాడమని రాసి పంపారు.

ఏ బాధతో వచ్చింది

"నెత్తి నుంచి అరికాళ్ల దాక పెయ్యి కాలుతది మేడం. ఇగ సెమటలు. జాకెటు పిండితే నీళ్లు కారుతయి. జెరసేపైతే చలి వెడ్తది. రాత్రి ఇట్లనే, పగలు ఇట్లనే." గుండె దడ, నిద్ర లేకపోవడం, మనవడు ఏడ్చినా చిరాకు. వీటన్నిటికంటే ముందు ఆమె చెప్పిన మాట వేరు: "మా తోడికోడలుకు రాసిన గోలీలే నాకూ రాయుండ్రి. ఆమెకు పదిహేను రోజులల్లనే సల్లవడ్డది." తోడికోడలి చీటీ కూడా తెచ్చింది. ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ కలిసిన మాత్ర. తోడికోడలికి అది సరైన మందే.

పని సంగతి అడిగితే అసలు ఇబ్బంది ఎంత లోతుందో తెలిసింది. బీడీలు చుట్టే ఇంట్లో ఫ్యాన్ వేయరు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, గాలి తగిలితే తంబాకు ఎగిరిపోతుంది. కిటికీ కూడా ఓరగా వేసి కూర్చుంటారు. మేలో మన దగ్గర ఎండ నలభై నాలుగు, నలభై అయిదు దాకా పోతుంది. అలాంటి గదిలో గంటకోసారి ఒళ్లు కాలి, అరచేతులు చెమర్చి, చుట్టిన ఆకు వేళ్లలోంచి జారిపోతోంది. కార్ఖానాలో బీడీలు వాపసు కొడుతున్నారు. వెయ్యి బీడీల లెక్క రాత్రి పదైనా పూర్తి కావట్లేదు.

హార్మోన్ ఎందుకు వద్దన్నాను

ఇక్కడ ఆలోచించాల్సింది పెద్దగా లేదు, కానీ ఆమెకు నమ్మకం కలిగేలా చెప్పడం అవసరం. ఆమె క్యాన్సర్ ఈస్ట్రోజన్ తిని పెరిగే రకం. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లకు హార్మోన్ ఇచ్చి చూసిన హ్యాబిట్స్ ట్రయల్‌ని స్వీడన్‌లో 2003 చివర్లో అర్ధంతరంగా ఆపేశారు. తర్వాత తేలిన లెక్క ఇది: హార్మోన్ వాడిన 221 మందిలో 39 మందికి రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టింది లేదా కొత్తగా వచ్చింది, వాడని 221 మందిలో 17 మందికి. "ఇది వేరే రకం, ఏం కాదు" అని కొందరు రాసే, హార్మోన్‌లా పనిచేసే టిబోలోన్ కూడా 2009లో లిబరేట్ ట్రయల్‌లో అదే దారి పట్టింది. అందుకని రెండూ వద్దు.

ఆమెతో నేను అంకెలు మాట్లాడలేదు. "మీ తోడికోడలి ఒంట్లో లేనిది మీ ఒంట్లో ఒకసారి వచ్చిపోయింది. ఆ గోలీ దానికి మేత" అన్నాను. ఆ మాట తర్వాత ఆమె మళ్లీ ఆ చీటీ ఎత్తలేదు.

ఇది నిజంగా మెనోపాజేనా

నలభై ఏడేళ్లు, ముట్లు లేవు, ఆవిర్లు ఉన్నాయి. మన దేశంలో సగటున నలభై ఆరు, నలభై ఏడుకే ముట్లుడుగుతాయి కాబట్టి అనుమానం అక్కర్లేదనిపిస్తుంది. కానీ కీమో వల్ల ఆగిన ముట్లు కొందరిలో ఏడాది రెండేళ్ల తర్వాత కూడా తిరిగి వస్తాయి. హైదరాబాద్‌లో ఆమెకు, ముట్లు పూర్తిగా ఆగినవాళ్లకు ఇచ్చే లెట్రోజోల్ అనే క్యాన్సర్ మందు కాకుండా టామాక్సిఫెన్ రాయడానికి ఇదే కారణం. అండాశయాలు పూర్తిగా నిద్రపోకముందే లెట్రోజోల్ ఇస్తే అవి మేల్కొనే ప్రమాదం ఉంది. ముట్లుడిగాయో లేదో చూసే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ రక్తపరీక్ష రాయించుకురమ్మని ఎవరో చెప్పారట. టామాక్సిఫెన్ వాడేవాళ్లలో ఆ అంకె మీద ఆధారపడలేం, అందుకే వద్దన్నాను. పేరు ఏది పెట్టినా అప్పుడు చేయాల్సిన పని మారదు.

రాత్రి చెమటలకు మిగతా కారణాలు మాత్రం వదలకూడదు, అందులోనూ క్యాన్సర్ వచ్చిపోయిన మనిషిలో. బరువు తగ్గలేదు, జ్వరం లేదు, దగ్గు లేదు. తంబాకు దుమ్ములో ఇన్నేళ్లు కూర్చున్న ఒళ్లు కాబట్టి క్షయ కోసం ఛాతీ ఎక్స్‌రే తీయించాను. థైరాయిడ్, షుగర్, రక్తం చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి. బీపీ 138/86, అది గుర్తుపెట్టుకున్నాను.

కవర్లో కనిపించింది

ఏమేం మందులు వాడుతున్నారంటే అందరూ చెప్పేది ఒకటే జవాబు: "రాసినయన్ని ఏస్కుంటున్న." కవర్ టేబుల్ మీద బోర్లించమన్నాను. మూడు టామాక్సిఫెన్ షీట్లు బయటపడ్డాయి. రెండు ముట్టుకోనివి, మూడోదానిలో నాలుగు గుంటలు ఖాళీ. వాటికి పిన్ను కొట్టి ఉన్న బిల్లు మీద తేదీ సంక్రాంతి ముందుది. ఆమె కూర్చుంది ఎండాకాలం నడుమ.

"ఎందుకు ఆపారు" అని అడిగితే సంజాయిషీ వస్తుంది, సంగతి రాదు. అందుకని, "ఈ గోలీ వేసుకున్న రోజుకు, వేసుకోని రోజుకు ఏమన్నా తేడా ఉందా?" అని అడిగాను.

"మస్తు తేడా మేడం. ఏస్కుంటె పెయ్యి ఇంక ఎక్కువ కాలుతది. వేడి గోలీ అది. ఆ కరెంటు వెట్టిన వేడి ఇంక పెయ్యిల్నే ఉంది, దాని మీద ఇదొకటి. ఎండలు ముదురుతున్నయి గదా అని ఆపిన. వానలు వడ్డంక మల్ల ఏస్కుందామని."

ఈ జవాబులో తప్పు ఒకటే ఉంది, కరెంటు వేడి, అంటే రేడియేషన్ వేడి, ఒంట్లో మిగలడం. మిగతాదంతా ఆమె సరిగ్గానే పసిగట్టింది. టామాక్సిఫెన్ రొమ్ములోనే కాదు, మెదడులో కూడా ఈస్ట్రోజన్‌కి అడ్డుపడుతుంది, ఆవిర్లు పెంచుతుంది. "ఆ గోలీకి దీనికి సంబంధం లేదు" అని కొట్టిపారేసి ఉంటే ఆమె నా మాట ఇక దేనికీ నమ్మేది కాదు. ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక, ఆ గోలీ ఏం కాపాడుతోందో చెప్పాను: ఆమెలాంటి క్యాన్సర్‌లో ఐదేళ్లు టామాక్సిఫెన్ వాడినవాళ్లలో, పదిహేనేళ్ల లెక్క చూస్తే, రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు మూడో వంతు తగ్గాయి. 2011లో చాలా ట్రయల్స్‌ని కలిపి చూస్తే తేలిన సంగతి ఇది.

అక్కడి నుంచి నా లక్ష్యం మారిపోయింది. ఆవిర్లు తగ్గించడం ఆమె సుఖం కోసమే అయితే కొంచెం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. ఇప్పుడు ఆవిర్లు తగ్గకపోతే క్యాన్సర్ మందు ఆగిపోతుంది.

కవర్లో ఇంకో రెండు వస్తువులున్నాయి. ఒకటి ఫ్లూఓక్సెటిన్ 20. రాత్రిళ్లు ఏడుస్తోందని ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన "నరాల గోలీ". టామాక్సిఫెన్‌ని కాలేయంలో సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ ఎండాక్సిఫెన్‌గా మారుస్తుంది, ఎక్కువ పని చేసేది అదే. ఫ్లూఓక్సెటిన్, పరాక్సెటిన్ ఆ ఎంజైమ్‌ని గట్టిగా అణిచేస్తాయి. దీనివల్ల క్యాన్సర్ నిజంగా ఎంత తిరగబెడుతుందన్న దాని మీద అధ్యయనాలు ఒక్క మాట చెప్పవు. కానీ వేరే మందు చేతిలో ఉండగా ఆ అనుమానాన్ని ఆమె ఒంటి మీద మోపడం ఎందుకు? 2013లో అమెరికాలో ఆవిర్లకోసమే అనుమతి పొందిన మొదటి హార్మోన్ లేని మాత్ర పరాక్సెటిన్, అదే ఆమెకు పనికిరాకపోవడం విచిత్రం.

రెండోది ఒక "లేడీస్ హార్మోన్ పౌడర్", డబ్బా పదిహేను వందలు. సోయా ఐసోఫ్లేవోన్లు, శతావరి, ఇంకేవో. సోయా కూర తింటే నాకు అభ్యంతరం లేదు. గాఢంగా తీసిన ఐసోఫ్లేవోన్లు ఈస్ట్రోజన్ పోలికవి, ఈ మనిషికి వద్దు. నెలకు పదిహేను వందలంటే ఆమె ఎన్ని వేల బీడీలు చుట్టాలో లెక్క వేసి చెప్పాను. డబ్బా అక్కడే వదిలేసింది.

గర్భసంచి మాట

ఫైల్లో ఒక స్కాన్ రిపోర్టు ఉంది. గర్భసంచి లోపలి పొర మందం 11 మిల్లీమీటర్లు. "తీసేయించుకుంటే ఈ మంటలు కూడా పోతాయి" అని ఎవరో చెప్పారు, ఎక్కడన్నది నేను అడగలేదు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నంతగా దేశంలో ఇంకెక్కడా లేరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల వాళ్లలో ఇక్కడ ఎనిమిది శాతం పైనే, దేశం మొత్తం మీద మూడు చిల్లర. ఇక్కడ గర్భసంచి తీయించుకోమనడం పన్ను పీకించుకోమన్నంత తేలిగ్గా నోట్లోంచి వస్తుంది.

టామాక్సిఫెన్ వాడేవాళ్లలో ఆ పొర స్కాన్‌లో మందంగా కనబడటం మామూలే. పొర కింది కణజాలం ఉబ్బడం వల్ల అలా కనిపిస్తుంది. రక్తస్రావం లేకపోతే ఆ అంకె పట్టుకుని ఏమీ చేయకూడదు, అసలు ఊరికే స్కాన్ తీయించనే కూడదు. రక్తం చుక్క కనిపించినా మాత్రం ఆలస్యం చేయకుండా పొర ముక్క తీసి పరీక్షించాలి. ఆ రెండు మాటలూ చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. గర్భసంచి తీస్తే ఆవిర్లు పోవు, అండాశయాలు కూడా తీస్తే పెరుగుతాయి.

పని చేయనివి

ఫ్యాన్ కింద కూర్చోండి, పలచటి నూలు చీర కట్టుకోండి, చల్లటి నీళ్లు తాగండి. ఈ సలహాలు ఆమెకు నా కంటే ముందు నలుగురు ఇచ్చారు. ఫ్యాన్ సంగతి పైన చెప్పాను. వీటికి ఆవిర్లను తగ్గించే బలం ఉందని పరీక్షల్లో కూడా తేలలేదు.

మందు విషయంలో మొదటి ఎంపిక వెన్లాఫాక్సిన్, అసలు దిగులుకి వాడే మందు. సీవైపీ2డీ6 జోలికి అంతగా పోదు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లలో బాగా పరీక్షించిన మందు, ఏడుపుకీ దిగులుకీ కూడా పనికొస్తుంది, అంటే ఫ్లూఓక్సెటిన్ తీసేసిన చోటు ఖాళీగా ఉండదు. ఫ్లూఓక్సెటిన్ ఒంట్లోంచి పోవడానికి వారాలు పడుతుంది కాబట్టి ఆపిన వెంటనే వెన్లాఫాక్సిన్ మొదలుపెట్టలేదు. రెండు వారాలు ఆగి 37.5తో మొదలు. ఆ రెండు వారాల్లో ఏ రోజున్నా మనసు మరీ బరువెక్కితే వెంటనే ఫోన్ చేయమని కోడలికి చెప్పాను. అన్నం తిన్నాక వేసుకోవాలని, మొదటి వారం పది రోజులు వాంతి వచ్చినట్టు ఉంటుందని, అది పోతుందని ముందే చెప్పాను. ముందు చెప్పని వికారానికి మందు డ్రాయర్లోకి పోతుంది.

పగటి ఆవిర్లు తగ్గాయి, రాత్రివి తగ్గలేదు. 75కి పెంచాను. ఇది కుదరలేదు. సబ్‌సెంటర్‌లో ఏఎన్‌ఎమ్ చూసిన బీపీ 152/96. వెన్లాఫాక్సిన్ మోతాదు పెరిగే కొద్దీ బీపీ పెంచుతుంది, ఆమె మొదటి అంకె ఎలాగూ అంచు మీదే ఉంది. బీపీ మాత్ర చేర్చి 75నే కొనసాగించవచ్చు, చాలామంది అలా చేస్తారు. నేను చేయలేదు. ఒక మందు దుష్ఫలితానికి ఇంకో మందు చేర్చుకుంటూ పోతే ఆ కవర్లో షీట్లు పెరుగుతాయి, అన్నిటికంటే ముందు ఆమె మానేసేది "వేడి గోలీ"నే. 37.5కి తిరిగొచ్చాను. బీపీ దిగింది.

మూత్రం ఆపుకోలేనివాళ్లకు ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ గురించి ఆలోచించాను. ఆవిర్లకు పనిచేస్తుంది, కానీ నోరు ఎండిపోతుంది. మూత పెట్టిన గదిలో రోజంతా తంబాకు దుమ్ములో కూర్చునే మనిషికి ఎండిన నోరు ఇంకో శిక్ష. ఆవిర్లకోసమే వచ్చిన కొత్త హార్మోన్ లేని మందు ఫెజోలినెటాంట్‌కి అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది, కానీ ముఖ్యమైన పరీక్షల్లో రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లను చేర్చలేదు, 2024 చివర్లో కాలేయం గురించి గట్టి హెచ్చరిక కూడా చేర్చారు. ఆ కోవలోదే ఎలింజనెటాంట్‌ని మాత్రం టామాక్సిఫెన్ లాంటివి వాడుతున్నవాళ్లలోనే ఓఏసిస్-4లో పరీక్షించారు. 2025లో వచ్చిన ఫలితాలు బాగున్నాయి. మున్ముందు ఇలాంటివాళ్లకు అది దారి కావచ్చు. ఆమె అవసరం ఆ పూట అవసరం.

పని చేసినవి

మొదటిది, లెక్క. మందు పనిచేస్తోందో లేదో తెలియాలంటే రోజుకు ఎన్నిసార్లు వస్తున్నాయో కావాలి. "మస్తుసార్లు" అంటే చాలదు. నోటు పుస్తకంలో రాయమంటే జరగదు. ఆకు కత్తిరించగా మిగిలిన ముక్కలు ఆమె పక్కనే కుప్పగా ఉంటాయి. ఆవిరి వచ్చినప్పుడల్లా ఒక ముక్క ఖాళీ సీసాలో వేయమన్నాను, రాత్రికి మంచం పక్కన ఇంకో సీసా. పొద్దున్నే కోడలు లెక్కబెట్టి క్యాలెండర్ గడిలో రాసేది. మొదట్లో పగలు పదమూడు నుంచి పదిహేను, రాత్రి ఐదారు. వెన్లాఫాక్సిన్ 37.5 మీద పగలు ఏడెనిమిదికి దిగాయి. ఆ క్యాలెండర్‌ని ఆమె నా ముందు పరిచినప్పుడు మందు మీద నాకంటే ఆమెకే ఎక్కువ నమ్మకం కుదిరినట్టు కనిపించింది.

రెండోది, రాత్రికి గాబాపెంటిన్, అసలు మూర్ఛకు, నరాల నొప్పికి వాడే మందు. 300 ఇచ్చాను. మర్నాడు పొద్దున లేస్తే "కల్లు తాగినట్టు" తూలిందట. రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్ల పరీక్షల్లో 900 దాకా ఇచ్చారు, కానీ ఒంటరిగా రాత్రి వాకిట్లోని బాత్రూమ్‌కి పోయే మనిషి పడి ఎముక విరిగితే మొదటికే మోసం. 100కి దించి, పడుకునేటప్పుడు కాకుండా రాత్రి అన్నం తినగానే వేసుకోమన్నాను. కొన్నాళ్లకు 300కి వెళ్లాం, అక్కడే ఆపాను. రాత్రి ఆవిర్లు ఒకటి రెండుకి వచ్చాయి. నిద్ర పట్టడం మొదలైన వారంలోనే చిరాకు తగ్గిందని చెప్పింది ఆమె కాదు, కోడలు.

మూడోది మందు కాదు. ఆవిరి వచ్చిన ప్రతిసారీ ఆమె మనసులో ఏమనుకుంటుందో అడిగాను. "మల్ల అచ్చినట్టుంది అనుకుంట." క్యాన్సర్ తిరగబెట్టిందని. దాంతో గుండె దడ, దడతో ఇంకా చెమట, లేచి కూర్చుంటే ఇక తెల్లవార్లూ జాగారమే. ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని ఆవిర్ల కోసం మలిచి, 2012లో మెనోస్ 1 ట్రయల్‌లో రొమ్ము క్యాన్సర్ తర్వాతి ఆడవాళ్లలోనే చూశారు. ఆవిర్లు ఎన్నిసార్లు వచ్చాయన్న లెక్క కంటే, అవి పెట్టే బాధ తగ్గింది. ఆ పద్ధతిలో శిక్షణ పొందినవాళ్లు ఆమె ఊరి దరిదాపుల్లో లేరు. నాకు తెలిసినంతలో చేశాను. మెదడులో ఒంటి వేడిని చూసుకునే చోటు ఉంటుందని, ఈస్ట్రోజన్ తగ్గితే అది కుక్కర్ మీద బరువు వదులైనట్టు చిన్న సెగకే కూత పెడుతుందని చెప్పాను. లోపల మంట ఏమీ లేదు, క్యాన్సర్‌కి ఆ కూతకి సంబంధం లేదు. కరెంటు వేడి అయితే రెండేళ్ల కిందే, పెట్టిన రోజే పోయింది. ఆవిరి మొదలవగానే లోపల చెప్పుకోవడానికి ఆమే ఒక మాట తయారుచేసుకుంది: "గోలీ పనిచేస్తాంది." టామాక్సిఫెన్ అని ఆమె ఉద్దేశం. నేను నేర్పినదానికంటే అది నయం. నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం కూడా నేర్పాను. ఒక్క ఊపిరితో ఆవిర్లు తగ్గవని పరీక్షలు తేల్చాయి, నేను నేర్పింది దడకోసం.

నాలుగోది కోడలి తెలివి. బీడీ పనిలో తంబాకు నింపి చుట్టేటప్పుడే గాలి పనికిరాదు. తడిపిన తునికాకును ఫర్మా (కొలత అచ్చు) పెట్టి కత్తిరించడానికి ఫ్యాన్ అడ్డం కాదు, కత్తిరించిన ఆకును తడిగుడ్డలో చుట్టి పెట్టుకుంటే ఎండదు. అందుకని ఎండ మండే పూట అంతా ఫ్యాన్ కింద ఆకు కత్తిరింపు, చుట్టడం తెల్లవారుజామున, పొద్దువాలాక. ఇద్దరూ కలిసి పని వేళలు అలా మార్చుకున్నారు. సాయంత్రం తర్వాత చాయ్ మానేసింది, అది నిద్రకోసం. వాపసు వచ్చే బీడీలు తగ్గాయి. ఏ వైద్య పుస్తకంలోనూ ఇది దొరకదు.

వీటన్నిటి నడుమ హైదరాబాద్‌లోని క్యాన్సర్ డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడాను. మోతాదు తగ్గించే అవకాశం ఉందా అని అడిగాను, కుదరదన్నారు. తక్కువ మోతాదు టామాక్సిఫెన్‌కి ఉన్న ఆధారం నాళాలు దాటని తొలి దశకి సంబంధించింది, ఆమెది ఆ దశ దాటిన క్యాన్సర్. "ఆవిర్లు మీరు చూసుకోండి, గోలీ ఆగకుండా చూడండి" అన్నారు. వెన్లాఫాక్సిన్ మొదలైన మూడో వారానికి, వానలు పడకముందే, ఆమె టామాక్సిఫెన్ మళ్లీ మొదలుపెట్టింది. ఆవిర్లు కొంచెం పెరిగాయి, మొదటి స్థాయికి మాత్రం పోలేదు.

కోడలు బయటికి వెళ్లాక

రెండో విజిట్‌లో కోడలిని మందుల షాపుకి పంపాను. నిజానికి ఆ మందులు తర్వాత కొన్నా నడిచేది. తలుపు మూసుకోగానే ఆమె గొంతు తగ్గించి, "దసరాకు ఆయన అస్తుండు మేడం" అంది. అంతకంటే ఏమీ అనలేదు. ఎండిపోయిందా, మంటగా ఉంటుందా అని నేనే అడిగాను. తల ఊపింది. మూత్రం మంట కూడా ఉంది, పరీక్షలో ఇన్ఫెక్షన్ లేదు.

యోనిలో పెట్టే కొద్దిపాటి ఈస్ట్రోజన్‌ని టామాక్సిఫెన్ వాడుతున్నవాళ్లకు కొందరు క్యాన్సర్ డాక్టర్లు ఒప్పుకుంటారు, మిగతావేవీ పనిచేయకపోతేనే. ముందు హార్మోన్ లేనివి చూడాలి. వారానికి రెండు మూడుసార్లు వాడే మాయిశ్చరైజర్ జెల్ రాశాను. కలిసే సమయానికి కొబ్బరినూనె చాలన్నాను. కండోమ్ వాడేవాళ్లకైతే కొబ్బరినూనె చెప్పకూడదు, రబ్బరు పాడవుతుంది. ఆమెకు ట్యూబులు కట్టి ఉన్నాయి కాబట్టి ఆ చిక్కు లేదు. ముట్లు ఆగాయి కదా అని గర్భం సంగతి వదిలేయడానికి లేదు, టామాక్సిఫెన్ మీద గర్భం వస్తే బిడ్డకు ప్రమాదం, అందుకే ఆపరేషన్ అయిందని నిర్ధారించుకున్నాకే ఇది చెప్పాను. దసరాకి ముందు రెండు నెలలు జెల్ వాడితే తేడా తెలుస్తుందన్నాను. భర్త వచ్చి వెళ్లాక కనబడినప్పుడు ఆ విషయం ఆమె ఎత్తలేదు, కానీ జెల్ ఇంకో ట్యూబు రాయమంది.

ఎముకల సంగతి క్లుప్తంగా. గదిలోనే పని కాబట్టి ఎండ తగలదు, విటమిన్ డి 9 ఉంది. వారానికి 60,000 యూనిట్లు ఎనిమిది వారాలు ఇచ్చాను. ఎముకల బలం కొలిచే డెక్సా స్కాన్‌లో వెన్నెముక టీ స్కోరు మైనస్ 1.8, మందు అవసరం లేని స్థాయి. జొన్నరొట్టె, గట్క మానమనలేదు, వాటిలో కాల్షియం పెద్దగా లేదని మాత్రం చెప్పాను. రాగి జావ, నువ్వులు, పెరుగు చేర్చింది. పొద్దున నడక కోడలితో పాటు.

ఈ కేసు తర్వాత

రొమ్ము క్యాన్సర్ చరిత్ర ఉన్న ఎవరు ఆవిర్లతో వచ్చినా మందుల కవర్ బోర్లించి షీట్లు చూడటం ఇప్పుడు బీపీ చూడటం లాంటి పని అయింది. అడిగే ప్రశ్న కూడా మార్చాను: వేసుకుంటున్నారా అని కాదు, వేసుకున్న రోజు ఎలా ఉంటుంది అని. వెంట వచ్చినవాళ్లను ఏదో ఒక సాకుతో కాసేపు బయటికి పంపుతున్నాను. బీడీ పని, కూలీ, మగ్గం, ఏ పనైనా ఆ పని ఏ భంగిమలో, ఏ గదిలో, ఏ వేళలో అని అడుగుతున్నాను. ఇవన్నీ కలిపితే ఒక్కో మనిషికి ఇంకో పది నిమిషాలు పడుతుంది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు విసుక్కుంటారు.

ఇప్పుడు ఆమెకు పగలు ఐదారు ఆవిర్లు, రాత్రి ఒకటి. పూర్తిగా పోలేదు, పోతాయని నేను చెప్పలేదు కూడా. అమెరికాలో వేల మందిని ఏళ్లతరబడి గమనించిన స్వాన్ అధ్యయనంలో ఆవిర్లు ఉండే కాలం మధ్యస్థంగా ఏడేళ్ల పైచిలుకు తేలింది. టామాక్సిఫెన్ ఉన్నన్నాళ్లు ఈమెకు ఇవి ఎలాగూ ఉంటాయి. ఐదేళ్లు నిండాక ఇంకో ఐదేళ్లు పొడిగించాలా అన్నది హైదరాబాద్ వాళ్లు నిర్ణయిస్తారు. అప్పటికి ముట్లు నిజంగా ఆగినట్టు తేలితే లెట్రోజోల్‌కి మారే మాట కూడా వస్తుంది, అప్పుడు ఎముకల లెక్క మళ్లీ చూడాలి. గాబాపెంటిన్‌ని ఈ చలికాలంలో 100కి దించి చూస్తాను. వెన్లాఫాక్సిన్‌ని ఒక్కసారిగా ఆపితే తల తిరుగుడు, కరెంటు షాకుల్లాంటి జిల్లు వస్తాయి కాబట్టి, మందు అయిపోయే వారం ముందే ఫోన్ చేయమని కోడలి ఫోన్‌లో రిమైండర్ పెట్టించాను. మార్చి నుంచి జూన్ దాకా మాత్రం ఏ మోతాదూ కదపకూడదని ముగ్గురం అనుకున్నాం.